రెండు వాలుగీతలు

జులై. మా చిలోయె దీవిలో నడి చలికాలం.
పొద్దున్న ఆరు, ఇంకా చీకటే.
రేవు కిటికీకి అవతల తొలి పడవ కోసం
గొడుగుల్లేని జనం
(ఇక్కడి గాలికి గొడుగు నిలవదు).
ఇవతల నేను, నోల్ఫా కార్కమో.
బల్ల కింద బూడిదరంగు పెట్టె,
తెర మీద ఒకటే మాట:
కొత్తవి ఎక్కుతున్నాయి, ఆపకండి.

నూటికి పద్నాలుగు.
డోన్యా ఎడెల్మీరా బుట్టలోంచి
పొగబెట్టిన ఆల్చిప్పల వాసన.
బడిపిల్లలు అద్దానికి ముక్కులానించి నన్నే చూస్తున్నారు
నేనేదో తప్పు చేసినట్టు.
నూటికి పద్నాలుగు.
లెక్కల పుస్తకం వెనక కాగితాలు చించి
చేత్తో రాశాను ముప్పై ఒక్క టికెట్లు.
పడవ కనుమరుగయ్యాక లేచింది పెట్టె,
కంటినిండా నిద్రపోయి.

ఆ రాత్రి నల్లతెర తెరిచాను.
ముందు సూడో అని కొట్టాలి.
మా స్పానిష్‌లో ఆ మాటకి
నాకు చెమట పడుతోంది అని అర్థం.
వేళ్ళు కొంకర్లు పోయే చలిలోనూ నిజంగానే పట్టింది.
పాస్‌వర్డ్ అడిగింది. కొడుతూ ఉంటే తెర మీద చుక్కయినా కదల్లేదు,
చీకట్లో తాళంకప్ప తడుముకోవడమే.
ఆప్ట్ రిమూవ్. తర్వాత దాని పొడుగాటి పేరు:
ఎవరూ కనిపెట్టుకుని ఉండక్కర్లేనిది, అని దాని భావమట.
తీసెయ్యనా అంది.
అవును పెద్దక్షరం, కాదు చిన్నక్షరం.
తీసేస్తే మిగిలే చోటెంతో కూడా చెప్పింది,
ఒక ఫోటోకైనా చాలదు.
ఇంతలేసి దానివా నన్ను అంతమంది ముందు నిలబెట్టావు!
ఎంటర్.

తర్వాత హాయి.
ప్రతి గురువారం నేనే చేత్తో చేస్తానని
కేలండరు మీద ఎర్రగా సున్నాలు చుట్టాను.
సున్నాలు సున్నాల్లాగే ఉండిపోయాయి.
అక్టోబరులో తెర చెప్పింది,
నూట ముప్పై ఏడు ఎదురుచూస్తున్నాయని.
వానలో నిలబడి, కిటికీ కొట్టకుండా.
నవంబరులో ఎదుటి దీవి మత్స్య సహకార సంఘంలో
ఎక్కడినుంచో ఎవరో దూరి
లెక్కలన్నిటికీ తాళమేసి డబ్బడిగారు.
వాళ్ళ పెట్టెదీ నా పెట్టెదీ ఒకే ఈడు.

మళ్ళీ సూడో. మళ్ళీ చెమట.
ఆప్ట్ ఇన్‌స్టాల్.
టీ చల్లారేలోపు వచ్చి కూర్చుంది.
పాత గంటకే లేస్తుందేమోనని
సెట్టింగుల ఫైలు తెరిచాను.
కొత్తది కాదది.
రిమూవ్ అంటే మనిషిని పంపెయ్యడమేనట,
అతని కాగితాలు కూడా పోవాలంటే పర్జ్ అనాలట.
నాకు తెలీదు. తెలీకపోవడమే మంచిదైంది.

నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న ఎలియేసెర్,
ఇప్పుడు ప్యూర్టో మోంట్‌లో చేపల కోల్డ్ స్టోరేజీ చూసుకుంటున్నాడు,
రాసి పెట్టిన వరస ఒకటి:
ఆరింటికి వద్దు. పడవ ఉంది. రాత్రి రెండింటికి.
ముందు రెండు వాలుగీతలు.
గీతలున్న వరసని యంత్రం చదవదు,
అది మనుషులకి.
దాని కిందే, యంత్రానికని, రెండు గంటలనీ పెట్టాడు.
ఆ వరస ముందు గీతలు చెరపడం మరిచిపోయాడు.
ఇన్నేళ్ళూ వచ్చినవన్నీ చిన్నవి, నడిచిపోయింది.
పాపం, పెళ్ళి తొందరలో ఉన్నాడప్పుడు.

రెండుసార్లు నొక్కాను, గీతలు పోయాయి.
అతని మాట అలాగే ఉంచి
దాని కింద నాది, గీతలతోనే:
గాలి ముదిరితే రాత్రి కరెంటు ఉండదు.
అప్పుడు గురువారం చేత్తో.
సున్నాలు చుట్టడం కాదు, చెయ్యాలి.

మర్నాడు ఆరింటికి డోన్యా ఎడెల్మీరా
చేతిరాత టికెట్టే బాగుందంది.
ఇంట్లో అద్దం అంచున దోపిందట దాన్ని.
యంత్రం టికెట్టు చించి ఇచ్చాను.
అక్షరాలు వెలిసిపోయాయి. రిబ్బను మార్చాలి.
అది మాత్రం ఏ కమాండూ వినదు.